ఒకే ఇంట్లో రెండు సింగిల్ పేరెంట్ ఫ్యామిలీలు: వంటగది ఒకటి, కాగితాలు రెండు

 

నాగోల్ మెట్రో స్టేషన్ దిగి ఏ కాలనీలోకి వెళ్లినా గేట్లకి టు-లెట్ బోర్డులు కనిపిస్తాయి. చాలా బోర్డుల మీద కింద ఒక లైన్ ఉంటుంది: 'ఫ్యామిలీస్ ఓన్లీ'. ఇప్పుడు ఒక చిన్న ప్రశ్న. విడాకులైన ఒక అమ్మ, ఆమెకి తొమ్మిదేళ్ల కూతురు. విడాకులైన ఒక నాన్న, ఆయనకి పన్నెండేళ్లు, ఏడేళ్ల ఇద్దరు కొడుకులు. అమ్మ, నాన్న ఒకరికొకరు ఫ్రెండ్స్ మాత్రమే. పెళ్లి లేదు, ప్రేమ లేదు. ఈ ఐదుగురూ కలిసి ఒక త్రీ బీహెచ్‌కే అద్దెకి అడిగితే, ఓనర్ వీళ్లని ఏమనుకోవాలి? ఫ్యామిలీ అనా? బ్యాచిలర్స్ అనా?

నవ్వు వస్తుంది కానీ ఇదే ప్రశ్న తర్వాత స్కూల్లో వస్తుంది, హాస్పిటల్లో వస్తుంది, ఖర్మ కాలితే కోర్టులో కూడా వస్తుంది. ఓనర్ తప్పుగా అర్థం చేసుకుంటే ఇల్లు పోతుంది. కోర్టు తప్పుగా అర్థం చేసుకుంటే ఇంకా పెద్ద నష్టం. అందుకే ఈ రోజు ఈ టాపిక్ మొదటి నుంచి చివరి వరకు మాట్లాడుకుందాం. పైన చెప్పిన ఐదుగురు నిజం మనుషులు కాదు, అర్థం కావడానికి పెట్టుకున్న ఉదాహరణ. ఎపిసోడ్ అంతా వాళ్లతోనే నడిపిద్దాం. 'ఆవిడ', 'ఆయన' అంటే వాళ్లే.

అసలు ఎందుకు కలిసి ఉండాలి?

మన దగ్గర విడాకులయ్యాక ఎక్కువ మందికి కనిపించే దారి ఒక్కటే, పుట్టిల్లు. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం యూఎన్ విమెన్ 2019లో కుటుంబాల మీద ఒక పెద్ద రిపోర్ట్ ఇచ్చింది. దాని ప్రకారం ఇండియాలో ఒంటరి తల్లులు నడిపే ఇళ్లు 4.5 శాతం, అంటే దాదాపు 1.3 కోట్లు. ఇంకో 3.2 కోట్ల మంది ఒంటరి తల్లులు బంధువుల ఇళ్లల్లో, పెద్ద కుటుంబాల్లో ఉంటున్నారని అదే రిపోర్ట్ అంచనా. వీళ్లలో భర్త చనిపోయినవాళ్లు, విడిపోయినవాళ్లు అందరూ ఉన్నారు. లెక్క చూడండి. సొంతంగా ఇల్లు నడిపేవాళ్ల కంటే ఇంకొకరి ఇంట్లో సర్దుకునేవాళ్లే రెండింతలకు పైగా ఉన్నారు.

అందరికీ పుట్టిల్లు ఉండదు. ఉన్నా అది ఏ ఖమ్మంలోనో, శ్రీకాకుళంలోనో ఉంటుంది, ఉద్యోగం మాత్రం హైదరాబాద్‌లో ఉంటుంది. మన ఉదాహరణలో ఆయన ఆఫీసు రాయదుర్గం వైపు అనుకుందాం. నాగోల్ నుంచి రాయదుర్గం మెట్రో బ్లూ లైన్ ఈ చివర నుంచి ఆ చివరకి. ఒకవైపే గంట దాకా పడుతుంది. ఆయన ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. పిల్లల బడి వదిలేది నాలుగింటికి. మధ్యలో ఆ నాలుగు గంటలు పిల్లల్ని ఎవరు చూస్తారు? ఆవిడ నాగోల్‌లోనే ఒక ప్రైవేట్ స్కూల్లో టీచర్. నాలుగున్నరకి ఇంట్లో ఉంటుంది, కానీ జీతం తక్కువ. ఒక్కతే డబుల్ బెడ్‌రూమ్ అద్దె కట్టలేదు. ఆయనకి టైమ్ లేదు, ఆవిడకి డబ్బు సరిపోదు. కలిస్తే రెండూ సర్దుకుంటాయి. ఐడియా వెనక ఉన్న లాజిక్ ఇంతే.

ప్రపంచానికి ఇది కొత్త కాదు. అమెరికాలో 1984 నుంచి 1989 దాకా 'కేట్ అండ్ ఆలీ' అనే టీవీ కామెడీ సీరియల్ వచ్చింది. విడాకులైన ఇద్దరు స్నేహితురాళ్లు పిల్లలతో న్యూయార్క్‌లో ఒకే ఇంట్లో ఉండటమే దాని కథ. తర్వాత 2000ల మొదట్లో 'కోఅబోడ్' అనే వెబ్‌సైట్ కూడా వచ్చింది, ఇల్లు షేర్ చేసుకోవాలనుకునే సింగిల్ మదర్స్‌ని కలపడానికి. గమనించండి, రెండు చోట్లా ఇద్దరూ అమ్మలే. ఇద్దరు అమ్మలైతే ఓనర్ కూడా పెద్దగా అడగడు. ఒక అమ్మ, ఒక నాన్న అయితేనే ప్రశ్నలన్నీ మొదలవుతాయి.

చట్టం ఈ ఇంటిని ఏమని పిలుస్తుంది?

ముందు భయం తీసేద్దాం. పెళ్లి కాని ఇద్దరు మేజర్లు ఒకే ఇంట్లో ఉండటం నేరం కాదు. 2010లో నటి ఖుష్బూ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట చాలా స్పష్టంగా చెప్పింది. ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి నుంచి లివ్-ఇన్ రిజిస్ట్రేషన్ రూల్ వచ్చిందని మీరు వినే ఉంటారు. అది ఆ రాష్ట్రం చట్టం, తెలంగాణలో అలాంటిది లేదు.

ఇంకో మంచి విషయం. 2022 ఆగస్టు 16న సుప్రీంకోర్టు చండీగఢ్‌లోని ఒక ప్రభుత్వ ఆస్పత్రి నర్సు కేసులో తీర్పు ఇచ్చింది. భర్త మొదటి పెళ్లి పిల్లల కోసం ఆమె చైల్డ్ కేర్ లీవ్ వాడుకుందని, సొంత బిడ్డ పుట్టినప్పుడు మెటర్నిటీ లీవ్ ఇవ్వలేదు. అమ్మ, నాన్న, పిల్లలు అనే ఒక్క నమూనానే కుటుంబం అనుకోకూడదని, విడాకుల వల్లనో, చావు వల్లనో, విడిపోవడం వల్లనో ఒక్క పేరెంట్ ఉన్న ఇల్లు కూడా కుటుంబమేనని కోర్టు చెప్పింది.

కాబట్టి ఆవిడ, కూతురు ఒక కుటుంబం. ఆయన, కొడుకులు ఒక కుటుంబం. ఇక్కడిదాకా క్లియర్. కానీ ఐదుగురినీ కలిపి పిలవడానికి మన చట్టంలో పేరు లేదు. పేరు లేని చోట పక్కవాళ్లు వాళ్లకి తోచిన పేరు పెడతారు. కాలనీలో ఆంటీ పెడితే పోనీలే అనుకోవచ్చు. మాజీ భర్త లాయర్ పెడితే అనుకోలేం.

2013లో ఒక కేసులో సుప్రీంకోర్టు, పెళ్లి లాంటి సంబంధం అని దేన్ని అనాలో చూడటానికి కొన్ని గుర్తులు చెప్పింది. ఎంతకాలం కలిసి ఉన్నారు, ఒకే ఇల్లా, డబ్బు కలిపి వాడుకుంటున్నారా, ఇంటి పనులు ఎలా పంచుకున్నారు, లైంగిక సంబంధం ఉందా, బయట జనానికి ఎలా పరిచయం చేసుకుంటున్నారు, అసలు వాళ్ల ఉద్దేశం ఏమిటి, ఇలాంటివి. మన ఐదుగురి ఇంట్లో ఒకే ఇల్లు అనేది ఎలాగూ ఉంది. మిగతావి మన చేతుల్లో ఉన్నాయి. అందుకే నా పాయింట్ ఒక్కటే: వంటగది ఒకటే ఉండనివ్వండి, కాగితాలు మాత్రం రెండుగా ఉంచండి.

అంటే ఏంటి? రెంటల్ అగ్రిమెంట్‌లో ఇద్దరి పేర్లూ అద్దెదారులుగా రాయించండి, ఎవరి వాటా ఎంతో కూడా రాయించండి. 'భార్యాభర్తలు' అని అబద్ధం చెప్పి ఇల్లు తీసుకోకండి. రేపు అదే మాట ఓనర్ నోటి నుంచి కోర్టులో వినాల్సి రావచ్చు. జాయింట్ బ్యాంక్ అకౌంట్ వద్దు. ఓనర్‌కి ఎవరి వాటా వాళ్ల అకౌంట్ నుంచి యూపీఐ చేయండి. పాత ట్యాక్స్ పద్ధతిలో ఉన్నవాళ్లకి హెచ్ఆర్ఏ క్లెయిమ్ చేసుకోవడానికి కూడా అదే రుజువు.

భరణం సంగతి

ఇది చాలామందికి తెలియదు, జాగ్రత్తగా వినండి. హిందూ వివాహ చట్టం 1955లో సెక్షన్ 25 శాశ్వత భరణం గురించి. అందులో మూడో క్లాజు ఉంది. భరణం తీసుకునేవాళ్లు మళ్లీ పెళ్లి చేసుకున్నా, భార్య అయితే శీలం తప్పినా, భర్త అయితే ఇంకో స్త్రీతో సంబంధం పెట్టుకున్నా, రెండో పక్షం అడిగితే కోర్టు ఆ భరణాన్ని మార్చవచ్చు, రద్దు చేయవచ్చు. భాష పాతదే కానీ క్లాజు ఇప్పటికీ పుస్తకంలో ఉంది.

ఒకే ఇంట్లో ఉన్నారు కాబట్టి సంబంధం ఉన్నట్టే అని చట్టం అనదు. ఆరోపణ చేసినవాళ్లే నిరూపించాలి. కానీ నెలనెలా భరణం వస్తున్న ఆవిడ మీద ఒక పిటిషన్ పడటానికి ఈ ఇల్లు సాకు అవుతుంది. ఎల్బీనగర్ కోర్టు కాంప్లెక్స్ చుట్టూ ఏడాది తిరగడమే ఒక శిక్ష కదా. పిల్లలకి వచ్చే డబ్బు మాత్రం వేరే లెక్క. అది బిడ్డ హక్కు. అమ్మ ఎవరితో ఇల్లు పంచుకుంది అన్నదానితో ఆ హక్కు పోదు.

ఇంకోటి. 2020 నవంబర్‌లో సుప్రీంకోర్టు భరణం కేసుల్లో ఇద్దరూ ఆదాయం, ఖర్చులు, ఆస్తులు అఫిడవిట్‌గా ఇవ్వాలని చెప్పింది. అద్దె మొత్తం 24 వేలు అని రాసి, నిజంగా కట్టేది 8 వేలే అయితే ఇబ్బంది. వాటా కాగితం మీద ఉంటే ఇలాంటి గొడవే రాదు.

ఈ సెక్షన్లు హిందూ వివాహ చట్టం కింద పెళ్లయినవాళ్లకి. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకి వాళ్ల చట్టాలు వేరే ఉన్నాయి. ఎవరైనా సరే, షిఫ్ట్ అయ్యే ముందు విడాకుల ఆర్డర్ కాపీ పట్టుకుని మీ లాయర్‌ని ఒకసారి కలవండి. ముఖ్యంగా మాజీ భార్య లేదా భర్త పిల్లల్ని ఎప్పుడు, ఎక్కడ కలవాలని ఆర్డర్‌లో ఉందో చూడండి. కొత్త అడ్రస్, ఇంట్లో ఎవరెవరు ఉంటారు అన్నది ముందే వాళ్లకి ఒక మెసేజ్ పెట్టండి. పర్మిషన్ అడగడం కాదు, తెలియజేయడం. పిల్లలు ఆదివారం వెళ్లి "అంకుల్ కూడా మా ఇంట్లోనే ఉంటాడు" అని చెబితే అది బాంబు. మీరే ముందు చెబితే అది సమాచారం.

స్కూలు గేటు, హాస్పిటల్ కౌంటర్

ఆయన ఆఫీసులో ఉన్నాడు. చిన్నోడికి జ్వరం, స్కూల్ నుంచి ఫోన్. ఆవిడ వెళ్తుంది. గేటు దగ్గర అడుగుతారు: "మీరు ఏమవుతారండి?"

చట్టం ప్రకారం జవాబు: ఏమీ కాదు. హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టం 1956లో సెక్షన్ 6 సహజ సంరక్షకులు ఎవరో చెబుతుంది. అందులోనే, తండ్రి తల్లి అంటే సవతి తండ్రి, సవతి తల్లి లెక్కలోకి రారని రాసి ఉంది. అంటే పెళ్లి చేసుకుని వచ్చిన సవతి తండ్రికే ఆటోమేటిక్‌గా ఆ హోదా లేదు. ఇంక ఇల్లు పంచుకున్న ఫ్రెండ్‌కి ఎక్కడి నుంచి వస్తుంది?

కానీ హోదా లేకపోయినా అనుమతి ఇవ్వవచ్చు. స్కూల్‌కి ఆయన ఒక లెటర్ రాసి ఇవ్వాలి. 'నా తరఫున ఫలానావారు నా పిల్లల్ని తీసుకెళ్లవచ్చు' అని, ఆవిడ ఫొటో, ఐడీ కాపీతో. ఆవిడ కూడా తన కూతురి స్కూల్లో అలాగే. రెండో లెటర్ ఇంట్లో ఫ్రిజ్ మీద ఉండాలి: పిల్లల బ్లడ్ గ్రూప్, అలర్జీలు, ఇన్సూరెన్స్ కార్డ్ కాపీ, పేరెంట్ నంబర్లు, అత్యవసరంలో హాస్పిటల్‌కి తీసుకెళ్లడానికి అనుమతి. ప్రాణం మీదకి వస్తే ముందు వైద్యం, తర్వాతే ఫార్మాలిటీలు అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కాబట్టి యాక్సిడెంట్ అయితే సంతకం కోసం ఆగొద్దు, తీసుకెళ్లండి. ముందే ప్లాన్ చేసిన ఆపరేషన్‌కి మాత్రం అసలు పేరెంట్ సంతకం కావాలి. ఆఫీసు గ్రూప్ ఇన్సూరెన్స్‌లో ఫ్రెండ్ పిల్లల్ని చేర్చడం సాధారణంగా కుదరదు, ఎవరి పిల్లలకి వాళ్లే తీసుకోవాలి.

పాస్‌పోర్ట్ విషయంలో మాత్రం పని తేలికైంది. 2016 డిసెంబర్ నుంచి అప్లికేషన్‌లో తల్లి, తండ్రి, గార్డియన్‌లలో ఒక్కరి పేరు ఇస్తే చాలు.

మాట్లాడటానికి ఇబ్బందిగా ఉండే విషయం

పిల్లల భద్రత. మంచి స్నేహితులైనా ఈ మాట ముందే మాట్లాడుకోవాలి. పోక్సో చట్టం 2012 ఈ ఇంటిని గుర్తు పెట్టుకుంది. సెక్షన్ 5(ఎన్)లో బంధువులతో పాటు, బిడ్డతో ఒకే ఇంట్లో ఉండేవాళ్లు నేరం చేస్తే దాన్ని ఇంకా తీవ్రమైన నేరంగా చూస్తుంది. మిగతా చట్టాలు ఐదుగురికి పేరు పెట్టలేదు కానీ, ఈ చట్టం మాత్రం ఒకే కప్పు కింద ఉంటే బాధ్యత ఎక్కువ అని చెప్పింది.

ఇంట్లో రూల్స్ సింపుల్‌గా పెట్టుకోండి. ప్రతి గదికీ, బాత్రూమ్‌కీ పనిచేసే గడియ. తలుపు కొట్టకుండా ఎవరూ లోపలికి వెళ్లకూడదు, పెద్దవాళ్లు కూడా. పిల్లల స్నానం, బట్టలు సొంత పేరెంట్ పని. పెద్ద పిల్లలకి చిన్నపిల్లల్ని రాత్రిపూట అప్పగించొద్దు. బిడ్డ ఏదైనా చెబితే, స్నేహం చెడుతుందేమో అన్న ఆలోచన తర్వాత, ముందు వినండి. 1098 నంబర్ పిల్లలకి నోటికి రావాలి. ఈ రూల్స్ ఎవరి మీదో అనుమానంతో కాదు. రూల్ ఉంటే ఇద్దరు పెద్దవాళ్లకీ కూడా రక్షణే.

డబ్బు కంటే కష్టమైన లెక్క

ఇప్పుడు ఖర్చులు. అద్దె 24 వేలు అనుకుందాం, మూడు గదులు. ఆవిడ, కూతురు ఒక గది. ఆయన ఒక గది, కొడుకులు ఒక గది. గదుల లెక్కన ఆవిడ 8 వేలు, ఆయన 16 వేలు. సరుకులు, కూరగాయలు, గ్యాస్ నెలకి 15 వేలు అనుకుంటే ఐదు కంచాలు, కంచానికి 3 వేలు. ఆవిడ 6 వేలు, ఆయన 9 వేలు. ఎక్సెల్ షీట్ అయిపోయింది. అంతేనా?

కాదు. షీట్‌లో రాని ఒక వరుస ఉంది. సాయంత్రం నాలుగున్నర నుంచి ఎనిమిది దాకా ముగ్గురు పిల్లలకీ స్నాక్స్ పెట్టేది, హోంవర్క్ చేయించేది, గొడవలు తీర్చేది ఎవరు? ఆవిడ. ఎలాగూ ఇంట్లోనే ఉన్నానని పొయ్యి మీద అన్నం పెట్టేది ఎవరు? ఆవిడే. మూడు నెలలు గడిచేసరికి ఆయన సంపాదిస్తాడు, ఆవిడ వండుతుంది. ఇద్దరూ ఏ పద్ధతి నుంచి బయటికి వచ్చారో అదే పద్ధతి, ఈసారి తాళి లేకుండా. ఇలాంటి ఇళ్లు పెద్ద గొడవతోనే విరగాలని లేదు, ఇలా మెల్లగా కూడా విరుగుతాయి. పైగా పెళ్లి లాంటి సంబంధం గుర్తుల్లో ఇంటి పనుల పంపకం కూడా ఉందని చెప్పుకున్నాం కదా.

అందుకే ఆ పనికి ఒక ధర ఉండాలి. ఆయన పిల్లల్ని చూస్తున్న గంటలకి డబ్బు ఇవ్వడమో, శని ఆదివారాల వంట, ముగ్గురు పిల్లల బాధ్యత ఆయన తీసుకోవడమో, వంటమనిషి జీతం ఆయన కట్టడమో, ఏదో ఒకటి. ఏది అన్నది మీ ఇష్టం. 'మన మధ్య లెక్కలేంటి' అన్న మాట మాత్రం ఈ ఇంట్లో వినపడకూడదు.

పిల్లలకి ఏం చెప్పాలి?

తొమ్మిదేళ్ల పాపకి రెండే ప్రశ్నలు ఉంటాయి. ఈయన నాకు కొత్త నాన్నా? ఈ ఇల్లు కూడా పోతుందా?

మొదటిదానికి జవాబు సూటిగా ఉండాలి: "కాదు. నీకు నాన్న ఉన్నారు. అంకుల్ మన ఇల్లు పంచుకునే ఫ్రెండ్." 'నాన్న' అని పిలిపించొద్దు. 'చూద్దాం' అని కూడా అనొద్దు. పిల్లలు ఆ చిన్న 'చూద్దాం' మీద పెద్ద మేడ కట్టుకుంటారు. మందలించడం సొంత పేరెంట్ మాత్రమే. ఇంటి రూల్ గుర్తు చేయడం ఇద్దరూ చేయవచ్చు. "అన్నం తిన్నాక కంచం తీయమ్మా" అనవచ్చు. "మార్కులు ఎందుకు తగ్గాయి" అనేది అమ్మ అడగాల్సిన మాట. బంధువులు అడిగితే చెప్పడానికి పిల్లలకి ఒక్క వాక్యం నేర్పండి: "మేం, ఆ ఫ్యామిలీ ఒకే ఇంట్లో అద్దెకి ఉంటాం." ఇందులో అబద్ధం లేదు, దాచిందీ లేదు.

రెండో ప్రశ్నకి జవాబు అగ్రిమెంట్‌లో ఉంటుంది. మన దగ్గర అద్దె అగ్రిమెంట్ ఎక్కువగా 11 నెలలకి రాసుకుంటారు. ఈ 11 నెలల్ని మనకి అనుకూలంగా వాడుకోవచ్చు. జూన్ 1న మొదలుపెడితే ఏప్రిల్ 30కి పూర్తవుతుంది. తెలంగాణలో స్టేట్ సిలబస్ బడులు జూన్ రెండో వారంలో తెరిచి ఏప్రిల్ చివర్లో సెలవులిస్తాయి. అంటే విడిపోవాల్సి వచ్చినా పరీక్షలయ్యాకే విడిపోతారు. ఓనర్‌తో రాసుకున్నది కాకుండా, మీ ఇద్దరి మధ్య ఒక పేజీ రాసుకోండి: వెళ్లాలనుకుంటే ఫిబ్రవరిలోపు చెప్పాలి, అడ్వాన్స్ ఇదే వాటాల్లో వెనక్కి తీసుకోవాలి, ఫ్రిజ్ ఎవరిది, వాషింగ్ మెషీన్ ఎవరిది, పిల్లలకి ఇద్దరూ కలిసి చెప్పాలి. ఈ పిల్లలు ఒకసారి ఇల్లు విరగడం చూశారు. రెండోసారి సామాన్లు సర్దాల్సి వస్తే, ఎందుకో, ఎప్పుడో ముందే తెలిసి సర్దాలి.

ఒకవేళ పెళ్లి చేసుకుంటే?

జరగవచ్చు, తప్పేం లేదు. కానీ అప్పుడు లెక్క మారుతుంది. ఆవిడకి వచ్చే నెలవారీ భరణం ఆగవచ్చు. పిల్లల కస్టడీ మళ్లీ పెళ్లి చేసుకున్నారన్న ఒక్క కారణంతో పోదు, కోర్టు చూసేది బిడ్డ సంక్షేమం. ఇంటిపేరు గురించి కూడా ఒక తీర్పు ఉంది. భర్త చనిపోయి మళ్లీ పెళ్లి చేసుకున్న ఒక తల్లి కేసు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్లింది. బిడ్డ రికార్డుల్లో కొత్త భర్తని 'సవతి తండ్రి' అని చూపించాలన్న ఆదేశాన్ని 2022 జూలై 28న సుప్రీంకోర్టు కొట్టేసింది. అలా రాయించడం బిడ్డ మనసు మీద ఎలా పడుతుందో ఆలోచించాలని చెప్పింది. అయితే అక్కడ సొంత తండ్రి లేరు. మన ఉదాహరణలో పాపకి తండ్రి ఉన్నారు, కాబట్టి ఆ తీర్పు ఇక్కడ యథాతథంగా సరిపోదు.

మరి ఓనర్‌కి ఏం చెప్పాలి? ఉన్నది ఉన్నట్టు చెప్పండి: "మేం రెండు ఫ్యామిలీలం అండి. ఇద్దరికీ విడాకులయ్యాయి, పిల్లలున్నారు, ఇద్దరం అద్దె కడతాం, అగ్రిమెంట్‌లో ఇద్దరం సంతకం పెడతాం." కొందరు కుదరదంటారు. వాళ్లని బలవంతం చేయలేం, ఇంకో గేటు చూసుకోవడమే. ఒప్పుకున్న ఓనర్ దగ్గర మాత్రం మీరు దాచాల్సింది ఏమీ ఉండదు, ఎవరో వచ్చి చెబుతారన్న భయమూ ఉండదు.

మీకు తెలిసిన సింగిల్ పేరెంట్స్ ఎవరైనా ఇలాంటి ఆలోచనలో ఉంటే ఈ ఎపిసోడ్ వాళ్లకి పంపండి. షిఫ్ట్ అయ్యాక కాదు, అడ్వాన్స్ ఇచ్చే ముందు. ఉంటానండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.